డాబా మీద ఎండ ఉచితమే, పలకలు కావు

"మీ ఇంటి కరెంటు బిల్లు ఇకమీదట సున్నా" అని అచ్చు వేసిన కరపత్రాలు ఈ మధ్య మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో ఇంటింటికీ చేరుతున్నాయి. వాటిని చదివి కొందరు ఉత్సాహపడుతున్నారు. కొందరు బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నారు. మరికొందరు ఇంట్లో ఆడవాళ్ల మెడల్లోని బంగారం వైపు చూస్తున్నారు. సూర్యరశ్మి నుంచి విద్యుత్తు తీయడం మంచి పని అనడంలో ఎవరికీ సందేహం లేదు. అయితే ఒక సామాన్య కుటుంబం లక్షో రెండు లక్షలో కూడబెట్టిన సొమ్ము తీసి ఇంటికప్పు మీద పరచడం తగునా, దానికి తోడు బ్యాటరీలు కూడా కొనడం తగునా అన్నది వేరే విషయం. దీన్ని ఇంటి లెక్కతో తేల్చుకోవాలి, కరపత్రంతో కాదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ రెండు మండలాల్లో ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి సౌర పలకల అవసరం ఇప్పుడు లేదు. కొద్దిమందికి మాత్రం ఉంది; వాళ్లు ఆలస్యం చేసినకొద్దీ నష్టపోతున్నారు. ఇక బ్యాటరీల విషయంలో దాదాపు అందరూ కొంతకాలం ఆగడమే మేలు. ఎందుకో వివరిస్తాం.

2024 ఫిబ్రవరి నెలలో రెండు పథకాలు వచ్చాయి. ఒకటి ఢిల్లీ నుంచి, మరొకటి హైదరాబాద్ నుంచి. ఫిబ్రవరి 13న ప్రధాని సూర్యఘర్ పథకాన్ని ప్రకటించారు. కోటి ఇళ్ల మీద సౌర పలకలు పెట్టించడం దాని లక్ష్యం, 75,021 కోట్ల రూపాయలు దాని కేటాయింపు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 సబ్సిడీ ఇస్తారు. మూడు కిలోవాట్లు పెట్టినా, అంతకు మించి పెట్టినా 78,000 రూపాయలకు పైన రాదు. రెండు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 27న రాష్ట్ర ప్రభుత్వం గృహజ్యోతి పథకాన్ని ప్రారంభించింది. దాన్ని మన చేవెళ్లలోనే ప్రారంభించాలని మొదట అనుకున్నారు. ఎన్నికల నియమావళి అడ్డు వచ్చి ప్రారంభం సచివాలయంలో జరిగింది, సభ మాత్రం చేవెళ్లలో జరిగింది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు బిల్లు ఉండదు. కిరాయి ఇళ్లలో ఉండేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

ఈ రెండు పథకాలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయని కరపత్రాలు వేసేవారు చెప్పరు. ఒకటి 'పలకలు కొనుక్కో, బిల్లు పోతుంది' అంటుంది. రెండోది 'నీ బిల్లు ఎప్పుడో పోయింది' అంటుంది. జీరో బిల్లు వస్తున్న ఇంటి యజమాని సబ్సిడీ పోగా ఎనభై వేలు పెట్టి రెండు కిలోవాట్ల పలకలు బిగిస్తే నెలకు ఎంత మిగులుతుంది? ఏమీ మిగలదు. లేని బిల్లును తగ్గించడానికి ఎనభై వేలు ఖర్చు పెట్టినట్టవుతుంది. రేపు ప్రభుత్వం మారితే జీరో బిల్లు ఎత్తేస్తారేమో అని కొందరు భయపెడుతున్నారు. ఎత్తేసిన రోజున కొనవచ్చు. సౌర పలకల ధరలు పదిహేనేళ్లుగా మొత్తం మీద తగ్గుతూనే వస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ కూడా 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇలాంటి సరుకు విషయంలో వేచి ఉన్నవాడికి పెద్దగా నష్టం రాదు.

కార్డు లేని ఇంటి సంగతి చూద్దాం. నెలకు 180 యూనిట్లు వాడే ఇల్లు అనుకోండి. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రేట్ల ప్రకారం మొదటి వంద యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, ఆ పైన 80 యూనిట్లకు 4 రూపాయల 80 పైసలు. మొత్తం 724 రూపాయలు, చిల్లర చార్జీలు వేరు. ఏడాదికి సుమారు 8,700. ఈ మొత్తం పూర్తిగా మిగిలినా రెండు కిలోవాట్ల పలకల మీద పెట్టిన ఎనభై వేలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. ఈలోగా ఇన్వర్టరు మార్చవలసి రావచ్చు. ఇది లాభసాటి పెట్టుబడి అని మేము చెప్పలేం.

200 యూనిట్ల గీత దాటిన ఇంటిది వేరే కథ. ఆ గీత దాటగానే మొదటి 200 యూనిట్లకూ రేటు మారిపోతుంది. యూనిట్ 5 రూపాయల 10 పైసలు అవుతుంది. ఆ తరువాతి వందకు 7 రూపాయల 70 పైసలు, దాని తరువాతి వందకు 9 రూపాయలు. నెలకు 400 యూనిట్లు వాడే ఉమ్మడి కుటుంబానికి 1,020, 770, 900 కలిపి 2,690 రూపాయలు వస్తుంది. ఈ ఇంటి మీద మూడు కిలోవాట్ల పలకలు పెడితే మన ప్రాంతపు ఎండకు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన, మబ్బులూ దుమ్మూ తీసేసినా నెలకు సగటున 330 యూనిట్లు వస్తాయి. మిగిలిన 70 యూనిట్లకే బిల్లు. అవి కూడా కింది శ్లాబులోకి దిగుతాయి కనుక 160 రూపాయలతో సరిపోతుంది. అంటే నెలకు రెండున్నర వేలు, ఏడాదికి ముప్ఫై వేలు మిగులు. పలకలకు బజారులో సుమారు రెండు లక్షలు అనుకుంటే సబ్సిడీ పోగా 1,22,000. నాలుగేళ్లలో పెట్టిన సొమ్ము చేతికి వస్తుంది. పలకలకు 25 ఏళ్ల వారంటీ ఉంటుంది. ఇలాంటి ఇల్లు ఇంకా ఆలోచిస్తూ కూర్చోవడం తెలివైన పని కాదు.

ఈ రెంటి మధ్యన ఉన్న ఇళ్లే అందరికన్నా ఎక్కువ తికమకపడుతున్నాయి. చలికాలంలో 150, ఏప్రిల్ మే నెలల్లో 220, 230. ఇలాంటి ఇళ్లు చేవెళ్లలో వీధికి పది ఉంటాయి. 200 యూనిట్ల దగ్గర ఆగితే జీరో బిల్లు, 201 అయితే 1,027 రూపాయల 70 పైసలు! ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలన్నమాట. ఈ ఇంటివారు సౌర పలకల దుకాణానికి వెళ్లేముందు ఫ్యాన్ల దుకాణానికి వెళ్లాలని మా సలహా. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఒక ఫ్యాను మారిస్తే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. మూడు మారిస్తే 48. ఖర్చు తొమ్మిది వేలకు కాస్త అటూ ఇటూ. 230 యూనిట్ల ఇల్లు 182కి దిగి జీరో బిల్లులో పడుతుంది. లక్ష రూపాయల పనిని తొమ్మిది వేలతో చేసుకోవచ్చని చెప్పడానికి ఏ ఏజెంటూ మన గుమ్మం తొక్కడు, ఎందుకంటే అందులో అతనికి వచ్చేది ఏమీ లేదు.

ఇక ఒక పెద్ద అపోహ గురించి చెప్పాలి. 'పలకలు పెట్టించుకుంటే ఊరంతా కరెంటు పోయినా మీ ఇంట్లో ఉంటుంది భాయ్' అని కొందరు అమ్మకందార్లు చెబుతున్నారు. సబ్సిడీ కింద మామూలుగా బిగించే పద్ధతిలో ఇది నిజం కాదు. ఆ పలకలు ఊరి లైనుతో కలిసి పనిచేస్తాయి. లైనులో కరెంటు పోగానే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం అనుకోకూడదు. స్తంభం మీద తీగ సరిచేస్తున్న లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగిలి ప్రాణం పోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. కరెంటు పోయినప్పుడు కూడా వెలుగు కావాలంటే బ్యాటరీతో కూడిన వేరే రకం ఇన్వర్టరు కావాలి. దాని ఖర్చు వేరు. సబ్సిడీ పలకలకే తప్ప బ్యాటరీకి పైసా రాదు.

పలకలను ఊరి లైనుకు కలిపిన ఇంటికి ఆ లైనే బ్యాటరీ. పగలు మనం వాడని యూనిట్లు లైనులోకి వెళ్తాయి, రాత్రి మనం లైను నుంచి తీసుకుంటాం, నెట్ మీటరు రెంటినీ లెక్కవేసి తేడాకే బిల్లు ఇస్తుంది. ఈ సౌకర్యం ఉన్నంతకాలం సొంత బ్యాటరీ వల్ల బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గదు. పైగా బ్యాటరీలోకి పోసిన కరెంటు మొత్తం తిరిగి రాదు, కొంత మధ్యలో వేడిగా పోతుంది. కాబట్టి బ్యాటరీ కొంటే కరెంటు కోత వేళ సుఖం కొన్నట్టు, అంతే. ఆ సుఖం ఎంత ధరకు దొరుకుతోంది, ఆ కోతలు ఎన్ని గంటలు అన్నది చూసుకోవాలి.

2012, 2013 సంవత్సరాలు గుర్తున్న వారికి కోత అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో పల్లెల్లో గంటల తరబడి చీకటి. అప్పుడే అప్పోసప్పో చేసి ఇన్వర్టర్లు, ట్యూబులర్ బ్యాటరీలు కొన్నాం. ఆ తరువాత కొన్నేళ్లకు కోతలు పోయాయి. బ్యాటరీలు మాత్రం నాలుగైదేళ్లలో వాటి కాలం తీరి, డిస్టిల్డ్ వాటరు తాగి తాగి, చివరకు పాత సామాన్ల వాడికి చేరాయి. ఈ రోజు మన రెండు మండలాల్లో ఇబ్బంది ఉన్నదల్లా గాలివానలప్పుడు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక ఈదురుగాలి వస్తే చెట్టు కొమ్మ తీగల మీద పడుతుంది, పొలాల మధ్య ఉన్న ఇళ్లకు రాత్రంతా కరెంటు రాకపోవచ్చు. ఏడాదికి ఇలాంటి రాత్రులు ఎన్ని? ఒక నోటు పుస్తకం పెట్టి రెండు మూడు నెలలు రాసుకోండి. ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది. చాలా ఇళ్లలో ఆ పుస్తకం మొదటి పేజీ కూడా నిండదని మా అంచనా.

ఆ కొన్ని రాత్రుల కోసం కూడా పెద్ద ఏర్పాటు అక్కరలేదు. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల మామూలు ట్యూబులర్ బ్యాటరీలో 1.8 యూనిట్ల కరెంటు పడుతుంది. అది పదికాలాలు మన్నాలంటే సగమే వాడాలి, అంటే సుమారు ఒక యూనిట్. పాత ఫ్యాన్లు రెండు, ఎల్‌ఈడీ బల్బులు రెండు వేస్తే ఐదారు గంటలు వస్తుంది. అవే ఫ్యాన్లు కొత్త రకంవి అయితే తెల్లవారే దాకా వస్తుంది. మళ్లీ ఫ్యాను దగ్గరికే వచ్చాం! లిథియం బ్యాటరీల సంగతి వేరు. పదేళ్లు మన్నుతాయి, నీళ్లు పోయనక్కరలేదు. 2010లో ప్రపంచ బజారులో ఒక యూనిట్ నిలవ చేసే లిథియం ప్యాకు వెయ్యి డాలర్లు దాటి ఉండేది, 2024 నాటికి సగటున 115 డాలర్లకు దిగింది. మన దుకాణాల్లోకి వచ్చేసరికి అయిదు యూనిట్ల ఇంటి బ్యాటరీ ఇంకా లక్ష రూపాయల పైమాటే. ఇంత వేగంగా ధర పడిపోతున్న వస్తువును అవసరం లేకుండా ఈ రోజే కొనడం దేనికి?

అవసరం ఉన్నచోట లెక్క మారుతుందని కూడా చెప్పాలి. 2021లో లెబనాన్‌లో ప్రభుత్వ కరెంటు రోజుకు ఒకటి రెండు గంటలకు పడిపోయింది. అక్కడి కుటుంబాలు ఉన్నదంతా అమ్మి పలకలు, బ్యాటరీలు కొన్నాయి. వాళ్లకు అది విలాసం కాదు, ఫ్రిజ్‌లోని మందులు చెడిపోకుండా చూసుకునే మార్గం. మన దగ్గర కూడా ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న వృద్ధులుంటే, ఇన్సులిన్ నిలవ ఉంచే ఇల్లు అయితే, రాత్రి కరెంటు పోతే కోళ్లు చచ్చిపోయే ఫారం అయితే బ్యాటరీ కొనడంలో తప్పు లేదు. బంగ్లాదేశ్ అనుభవం దీనికి రెండో వైపు. అక్కడ 2003 నుంచి 2018 వరకు ఒక ప్రభుత్వ సంస్థ ఆధ్వర్యంలో సుమారు 41 లక్షల పల్లె ఇళ్లకు చిన్న పలకలు, సీసం బ్యాటరీలు వాయిదాల మీద ఇచ్చారు. దీపం లేని ఇళ్లలో దీపం వెలిగింది, పిల్లలు చదువుకున్నారు. కానీ తరువాత ఊళ్లకు కరెంటు స్తంభాలు వచ్చాయి, 2013 తరువాత అమ్మకాలు పడిపోయాయి. లైను వచ్చిన ఇంట్లో బ్యాటరీకి పని తగ్గింది, వాయిదా మాత్రం తగ్గలేదు. మన ఇళ్లకు స్తంభాలు వచ్చి తరాలు గడిచాయి.

రంజాన్ మాసంలో సహరీ వేళ చీకట్లో వంట చేయవలసి వస్తే ఆడవాళ్లకు కష్టం కాదా అని అడగవచ్చు. కష్టమే. దానికి రెండు చార్జింగు దీపాలు చాలు. పైగా రంజాన్ ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ చలికాలంలోకి వచ్చేస్తోంది. రాబోయే కొన్నేళ్లు సహరీ వేళ ఫ్యాను ఆగినా ఎవరూ బాధపడరు, దుప్పటి వెతుక్కుంటారు.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. సూర్యఘర్ పథకం కింద బ్యాంకులు రెండు లక్షల దాకా పూచీకత్తు లేకుండా అప్పు ఇస్తున్నాయి. వడ్డీ ఆరు ఏడు శాతం దగ్గర ఉంటోంది. 'నామమాత్రపు వడ్డీ' అని దాన్ని వర్ణిస్తున్నారు. వడ్డీకి నామమాత్రం, నిజమాత్రం అనే తేడాలు మన ధర్మంలో లేవని పాఠకులకు మేము గుర్తు చేయనవసరం లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది వేరే చర్చ, దానికి ఉలమాలున్నారు. కానీ నెలకు రెండు వేల బిల్లు కడుతూ హాయిగా బతుకుతున్న ఇంటికి సౌర పలక గత్యంతరం లేని అవసరం ఎలా అవుతుంది? ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ మాత్రం గ్రాంటు, దాన్ని తీసుకోవడానికి సంకోచించవలసిన పని లేదు. అయితే అది పలకలు బిగించి, తనిఖీ అయి, మీటరు మార్చిన తరువాత మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందుగా మొత్తం రెండు లక్షలూ చేతిలో ఉండాలి. ఇది చాలామందికి చివరి నిమిషంలో తెలుస్తోంది.

వడ్డీ లేకుండా కూడా మార్గాలున్నాయి. మొదట ఒకటి లేదా రెండు కిలోవాట్లతో మొదలుపెట్టవచ్చు. పది మంది బంధువులు కలిసి నెలకు ఇంత చొప్పున వేసి, చిట్టీ ఎవరి పేరు మీద వస్తే వారు మొత్తం తీసుకునే పద్ధతి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. వేలం పాట లేనంతవరకు అందులో ఎవరికీ ఎక్కువ తక్కువలు ఉండవు. ఏడాదికి ఇద్దరు ముగ్గురి ఇళ్ల మీద పలకలు లేస్తాయి. దుకాణదారుడే వాయిదాల మీద ఇస్తానంటే, మొత్తం ధర ఎంతో మొదటిరోజే కాగితం మీద ఖాయం చేసుకుని, వాయిదా ఆలస్యమైతే అదనం పడే షరతు లేకుండా చూసుకుని, ఆ కాగితం తెలిసిన ఆలిమ్‌కు చూపించి సంతకం పెట్టాలి. స్థోమత ఉన్న అన్నయ్యో మామయ్యో కర్జె హసనా ఇస్తే అంతకన్నా మంచిది లేదు. తీసుకున్నవారు మిగిలిన బిల్లు డబ్బును నెల నెలా వారికే కడితే నాలుగేళ్లలో బాకీ తీరిపోతుంది. బిల్లు కట్టినట్టే ఉంటుంది, గడప దాటి పోయే చోటు మారుతుంది, అంతే.

బంగారం గురించి ఒక మాట. ఇంటావిడకు మహర్‌గా ఇచ్చిన నగ ఆమెది. పుట్టింటివారు పెట్టింది కూడా ఆమెదే. డాబా మీద పలకలు ఇంటికంతటికీ లాభమే కదా అని ఆమెను మొహమాటపెట్టి గొలుసు తీయించడం ఎంతవరకు న్యాయం? ఆమె తనంతట తాను ఇస్తే అది ఆమె ఔదార్యం. అప్పుడు కూడా దాన్ని అప్పుగా రాసుకుని తీర్చేవాడే మగవాడు అని మా అభిప్రాయం. బంగారం ధర ఏ తీరుగా పెరుగుతోందో అందరూ చూస్తున్నారు. నాలుగేళ్ల తరువాత అదే గొలుసు మళ్లీ కొనాలంటే మిగిలిన కరెంటు బిల్లు చాలుతుందా?

కాగితాల సంగతి చాలా ఇళ్లలో తేలని సంగతి. దరఖాస్తు చేసేవారి పేరు మీదే మీటరు ఉండాలి, ఇంటికప్పు మీద వారికి హక్కు ఉండాలి. మన కుటుంబాల్లో అబ్బాజాన్ పోయి పదేళ్లయినా మీటరు ఆయన పేరు మీదే నడుస్తూ ఉంటుంది. ముగ్గురు అన్నదమ్ములు కింద పైన ఉంటారు, చెల్లెళ్ల వాటా మాట ఎవరూ ఎత్తరు. ఇప్పుడు పెద్దవాడు డాబా అంతా తనదే అన్నట్టు పలకలు పరిస్తే రేపు పంపకాల వేళ ఏమవుతుంది? మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగులు కావాలి, నీడ పడని చోటు కావాలి. కనుక ముందు విరాసత్ తేల్చుకోండి. చెల్లెళ్ల వాటా ఇచ్చేయండి. మీటరు పేరు మార్పించండి. సౌర పలకల పుణ్యమా అని ఈ పని జరిగినా మాకు సంతోషమే.

ఇంకో చిక్కు మన ప్రాంతానికే ప్రత్యేకం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీటి రక్షణ కోసం 1996 మార్చిలో వచ్చిన 111 జీవో కింద ఉన్న 84 గ్రామాల్లో మన రెండు మండలాలవీ ఉన్నాయి. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తివేస్తున్నట్టు ప్రకటించాక భూముల ధరల మాటే అందరి నోటా. ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నవారు, రెండు మూడేళ్లలో పై అంతస్తు వేయాలనుకునేవారు పలకల జోలికి ఇప్పుడు పోవద్దు. విప్పి మళ్లీ బిగించడానికి అయ్యే ఖర్చు వేరు, పగిలేవి వేరు. రేకుల ఇళ్లవారు ముందుగా వాసాలు, గోడలు బరువు మోస్తాయా అని మేస్త్రీకి చూపించాలి.

పెట్టించాలని తేల్చుకున్నవారికి కొన్ని మాటలు. పలకలు దక్షిణం వైపు చూడాలి, వాలు పదిహేడు డిగ్రీల దగ్గర ఉండాలి. దక్షిణాన నీళ్ల ట్యాంకు ఉంటే దాని నీడ ఒక్క పలక మీద పడినా వరుస మొత్తం దిగుబడి తగ్గవచ్చు. బీజాపూర్ రోడ్డు పక్కన ఇళ్లకు టిప్పర్ల దుమ్ము పెద్ద శత్రువు. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడు నీళ్లతో తుడవాలి. మిట్ట మధ్యాహ్నం చన్నీళ్లు కొడితే అద్దం దెబ్బతింటుంది. కోతుల బెడద గురించి వేరే చెప్పాలా? తీగలు గొట్టంలో వేయించుకోవాలి. వడగళ్లకు పలకలు తట్టుకునేలా పరీక్షించే అమ్ముతారు, అయితే ఆ పరీక్ష అంగుళం సైజు గుండుతో చేసేది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేల తెల్లబడేలా వడగళ్లు కురిశాయని మరవవద్దు. ఇంటి బీమా ఉంటే పలకలను అందులో చేర్పించాలి. సబ్సిడీ కావాలంటే స్వదేశీ సెల్స్‌తో చేసిన పలకలే వాడాలి, విద్యుత్ సంస్థ వద్ద నమోదైన కంపెనీయే బిగించాలి. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత ఆ కంపెనీదే. ఈ మాట ఒప్పందంలో రాయించుకోని వారికి మూడో ఏట ఫోను ఎత్తేవాడు దొరకడు.

కొండారెడ్డిపల్లిలో ఊరు ఊరంతా సౌర విద్యుత్తే కదా, మనకెందుకు కుదరదు అని యువకులు అడుగుతున్నారు. ముఖ్యమంత్రి స్వగ్రామమైన ఆ ఊళ్లో 2025లో నాలుగు వందలకు పైగా ఇళ్ల మీద మూడేసి కిలోవాట్ల పలకలు బిగించిన మాట నిజం. అక్కడ కేంద్ర సబ్సిడీకి తోడు కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కలిశాయి. అలాంటి అవకాశం మన ఊళ్లకు వస్తే జీరో బిల్లు ఇంటివారు కూడా కళ్లు మూసుకుని ఒప్పుకోవచ్చు. సొంత జేబులోంచి పెట్టేటప్పుడు మాత్రం కళ్లు తెరిచే ఉండాలి.

మసీదు కమిటీలు కూడా ఈ ఆలోచన చేస్తున్నాయి. సూర్యఘర్ సబ్సిడీ నివాస గృహాలకే కనుక మసీదుకు, మదరసాకు అది రాదు. పూర్తి ధర భరించాలి. అయినా జుహర్, అసర్ వేళల్లో ఏసీలు, ఫ్యాన్లు నడిచే పెద్ద మసీదులకు పగటి కరెంటు బాగానే కలిసివస్తుంది. మొరాకో ప్రభుత్వం 2016లోనే ఆరు వందల మసీదులకు ఇలాంటి ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. ఎవరైనా దాత సదఖా జారియాగా పలకలు ఇస్తానంటే స్వీకరించవలసిందే. కానీ దాతలు వస్తువు ఇస్తారు, దాని మరమ్మతుకు ఇవ్వరు. ఏసీ ఇచ్చినవారి పేరు గోడ మీద ఉంటుంది, గ్యాసు నింపించేది మాత్రం ఇమాం సాహెబ్ జీతం కూడా సరిగా ఇవ్వలేని కమిటీ. పలకలు ఇచ్చేవారు పదేళ్ల నిర్వహణ సొమ్ము కూడా కలిపి ఇస్తే నిజమైన మేలు చేసినవారవుతారు.

చివరగా, కొనాలో వద్దో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. గడిచిన పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకోండి. దొరకకపోతే సర్వీసు నంబరుతో విద్యుత్ సంస్థ కార్యాలయంలో తీసుకోవచ్చు. ఎన్ని నెలలు 200 దాటిందో చూడండి. ఒకటి రెండు నెలలే అయితే ఫ్యాన్లు మార్చండి. ఏడెనిమిది నెలలు 300 దాటి ఉంటే సగటు యూనిట్లను నూట పదితో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు కావాలో తెలుస్తుంది. అంతకన్నా పెద్దది పెట్టమని ఏజెంటు ఒత్తిడి చేస్తే ఒప్పుకోవద్దు. మిగులు యూనిట్లకు విద్యుత్ సంస్థ ఇచ్చే ధర మనం కొనే పై శ్లాబు ధరకన్నా చాలా తక్కువ. గృహజ్యోతి అందుకుంటున్నవారు సోలార్ కనెక్షన్ తరువాత అది కొనసాగుతుందా లేదా అన్నది సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.